కొర్లగుంటలో అమ్మ ఇంటికి వైఫై కెమెరా: కనెక్ట్ కావడంలా, రేపు రాత్రి బస్సుకి బెంగుళూరు పోవాల, కొంచెం చెప్పండి

కొర్లగుంట_కుర్రోడు · శనివారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. నేను బెంగుళూర్లో పని చేస్తా, అమ్మ ఒక్కతే తిరుపతి కొర్లగుంటలో ఉంటాది, నాయన పోయి రెండేండ్లయింది. పోయిన నెల మా వీధిలోనే రెండిండ్ల అవతల తాళం పగలగొట్టినారు, ఆ పొద్దు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి మనుషులకేం కాలా, కానీ అప్పట్నుంచి నాకు రాత్రిళ్ళు నిద్ర సరిగ్గా పట్టడంలా. అందుకే రెండు కెమెరాలు కొన్నా. ఒకటి గేటు దగ్గరికి, వానకి తడిసినా ఏంకాని రకం. ఇంకోటి హాల్లోకి, అటూ ఇటూ తిరిగేది. నిన్న రాత్రి వచ్చి కూర్చున్నా, పొద్దున్నుంచి నాలుగుసార్లు రీసెట్ చేసినా. యాప్‌లో క్యూఆర్ కోడ్ చూపిస్తే కెమెరా టింగ్ అంటుంది, ఒక నిమిషం తిరుగుతుంది, తర్వాత నెట్‌వర్క్ ఫెయిల్ అంటుంది. పాస్‌వర్డ్ తప్పు కాదు, అదే పాస్‌వర్డ్‌తో నా ఫోను, అమ్మ ఫోను, టీవీ అన్నీ పని చేస్తావుండాయి. ఫైబర్ నెట్టే, స్పీడ్ కూడా బాగుంది. రేపు రాత్రి బస్సు. దయచేసి ఎవరన్నా చెప్పండి.

రేణిగుంట_రౌటర్ · 10:31

తమ్ముడూ, పదిలో తొమ్మిదిసార్లు దీనికి కారణం ఒకటే. మీ రౌటర్ రెండు బ్యాండ్లలో సిగ్నల్ ఇస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఒకటి. ఇండ్లల్లో పెట్టుకునే ఈ చిన్న కెమెరాల్లో ఎక్కువ భాగం 2.4 మాత్రమే పట్టుకుంటాయి. మీ ఫోను 5లో ఉంటుంది, టీవీ 5లో ఉంటుంది, కాబట్టి అవి బాగున్నాయి. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి ఉంటే కెమెరా సెటప్ టైములో తడబడుతుంది. ఫోన్లో వైఫై లిస్టు తెరిచి చూడండి, మీ పేరు ఒక్కసారే కనిపిస్తా ఉందా, లేక చివర్లో 5జీ అని ఇంకోటి కూడా ఉందా?

ఇంకోటి, రౌటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అని ఒక్కటే పెట్టి ఉంటే కొన్ని కెమెరాలు ఎక్కవు. డబ్ల్యూపీఏ2 గానీ రెండూ కలిపిన మోడ్ గానీ పెట్టాల.

ఎయిర్‌బైపాస్_అన్న · 10:35

సెటప్ అయ్యేదాకా ఫోన్లో మొబైల్ డేటా ఆపేయండి, లొకేషన్ ఆన్ చేయండి, వీపీఎన్ ఉంటే తీసేయండి. నాకు లొకేషన్ పర్మిషన్ ఇవ్వకనే గంట పోయింది.

కొర్లగుంట_కుర్రోడు · 10:52

అన్నా ఒక్క పేరే ఉంది. రౌటర్ వెనక స్టిక్కర్ మీద 192.168.1.1 అని రాసింది, అది బ్రౌజర్‌లో కొడితే లాగిన్ అడుగుతుంది, స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్ తీసుకోవడంలా. మా వైఫై పాస్‌వర్డ్‌లో మధ్యలో ఒక స్టారు, ఒక అట్ గుర్తు కూడా ఉండాయి, అది ఏమన్నా అడ్డమా?

రేణిగుంట_రౌటర్ · 11:04

లాగిన్ తీసుకోలేదంటే కేబుల్ ఆపరేటర్ పాస్‌వర్డ్ మార్చి పెట్టుకోని ఉంటాడు. ఫోన్ చేసి ఇట్లా అడగండి: "2.4కి వేరే పేరు, 5కి వేరే పేరు పెట్టి ఇవ్వు." ఐదు నిమిషాల పని, చాలామంది ఆపరేటర్లు ఇంటికి రాకుండా వాళ్ళ ఆఫీసు నుంచే చేస్తారు. అది కుదరకపోతే 5ని కాసేపు ఆపమనండి, కెమెరాలు రెండూ ఎక్కినాక మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు. పాస్‌వర్డ్‌లో గుర్తులు కొన్ని కెమెరాలకి పడవు. పొడుగ్గా ఉండే పాస్‌వర్డ్ పెట్టండి గానీ అక్షరాలు, అంకెలతోనే పెట్టండి. వైఫై పేరులో కూడా ఖాళీలు, గుర్తులు లేకుండా చూసుకోండి.

2.4 పాతది కదా, నెమ్మది కదా అని బాధ పడబాకండి. కెమెరాకి కావాల్సింది స్పీడ్ కాదు, గోడలు దాటి వచ్చే సిగ్నల్. ఆ పనికి 5 కన్నా 2.4 మేలు.

కొర్లగుంట_కుర్రోడు · మధ్యాహ్నం 1:20

అన్నా మీకు చేతులెత్తి నమస్కారం. ఆపరేటర్ పిల్లోడు వచ్చి రెండు పేర్లు విడగొట్టి, పాస్‌వర్డ్ మార్చి పోయినాడు. గేటు కెమెరా ఒక నిమిషం లోపల ఎక్కింది, రెండోది కూడా. అమ్మ చూసి "ఇంతేనా, దీనికేనా పొద్దున్నుంచి కాఫీ కూడా తాగకుండా కూర్చున్నావు" అనింది. ఇప్పుడు ఎక్కడ బిగించాలో చెప్పండి. గేటు నుంచి వాకిలి దాకా సుమారు 15 అడుగులు, రౌటర్ లోపల టీవీ స్టాండు కింద, బీరువా పక్కన ఉంది. గోడలు పాత కాలంవి, మందం ఎక్కువ.

బిగించే_పనోడు · 1:58

నేను ఈ పనే చేస్తా, తిరుచానూరు, రేణిగుంట, చంద్రగిరి అంతా తిరుగుతా. నా అనుభవం చెప్తా.

ముందు గోడకి రంధ్రం కొట్టబాకండి. కెమెరాని ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టి, మీరనుకున్న చోట చేత్తో పట్టుకోని, ఇంకొకరు ఫోన్లో చూడాల. పగలు ఒకసారి, రాత్రి లైట్లన్నీ ఆపి ఒకసారి. సగం తప్పులు రాత్రి చూస్తేనే తెలుస్తాయి. రాత్రి ఈ కెమెరాలు కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వేసి చూస్తాయి, ఆ వెలుతురు పక్కనుండే సున్నం గోడకో, సజ్జ అడుగుకో తగిలి వెనక్కి కొడితే బొమ్మంతా తెల్లగా మసకబారిపోతుంది, గేటు దగ్గర నిలబడిన మనిషి నల్లగా నీడలా కనిపిస్తాడు. అద్దం కిటికీ లోపల పెట్టి బయటికి చూపిస్తే కూడా ఇదే గతి. కాబట్టి గోడకి కొంచెం ముందుకి, సజ్జ అంచుకి దగ్గరగా రావాల.

ఎత్తు 8 నుంచి 10 అడుగులు చాలు. మిద్దె మీద 15 అడుగుల ఎత్తులో పెట్టించుకుంటారు కొందరు, ఊరంతా కనిపిస్తుంది గానీ వచ్చినోడి నడినెత్తి తప్ప ముఖం కనపడదు. గేటు తీసుకోని లోపలికి వచ్చేవాడు కెమెరాకి ఎదురుగా నడిచి వచ్చేట్టు ఉండాల. తూర్పు ముఖం ఇల్లయితే పొద్దున ఎండ నేరుగా లెన్సులో పడుతుంది, కొంచెం కిందికి వంచండి.

వైరు సంగతి. మన తిరుపతిలో కొండ కింది పక్క ఇండ్లకి, జీవకోన, అలిపిరి వైపు, కోతులు వస్తాయి. వేలాడే వైరు చూస్తే లాగుతాయి. నేను ఆ వైపు పోతే పీవీసీ పైపులో తప్ప వైరు వేయను. కొర్లగుంటలో ఆ బెడద తక్కువేమో గానీ పైపు వేసుకుంటే ఎండకి కూడా వైరు బీటలు తీయదు. గోడలోపలికి పోయే రంధ్రం దగ్గర వైరుని కిందికి ఒక వంపు ఇచ్చి, కింద నుంచి పైకి ఎక్కించి లోపలికి తీయండి. అప్పుడు వాన నీళ్ళు వంపు దగ్గరే కారిపోతాయి, లేకపోతే వైరు పట్టుకోని నేరుగా స్విచ్చు బోర్డులోకి దిగుతాయి. మనకి నవంబర్ వానలు ఎట్లా ఉంటాయో 2021లో అందరం చూసినాం కదా, అప్పుడు నేను మార్చిన అడాప్టర్లకి లెక్క లేదు. అడాప్టర్ బయట పెట్టాల్సి వస్తే మూత ఉండే ప్లాస్టిక్ బాక్సులో పెట్టండి. కెమెరా మీద ఐపీ66 (దుమ్ము, వాన తట్టుకుంటుందనే గుర్తు) అని ఉంటే అది కెమెరాకి మాత్రమే, దాని అడాప్టర్‌కి కాదు, దాని పిన్నుకి కాదు.

5 వోల్టుల యూఎస్‌బీ కెమెరా అయితే వైరు పొడుగు పెంచబాకండి. సన్న వైరు పది మీటర్లు లాగితే చివరికి కరెంటు చాలక, పగలు బాగానే ఉంటుంది, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలగంగానే ఆగి ఆగి రీస్టార్ట్ అవుతుంది. కెమెరా పోయిందని షాపుకి తిప్పి ఇచ్చేస్తారు, తప్పు వైరుది. సజ్జ కింద దాకా ఇంటి కరెంటు తెప్పించి అక్కడే ప్లగ్గు పెట్టించుకోండి. మీకు ఇన్వర్టర్ ఉంటే ఆ ప్లగ్గుని, రౌటర్ ప్లగ్గుని రెండూ ఇన్వర్టర్ లైను మీదికి మార్పించండి. ఎలక్ట్రీషియన్‌కి ఇది చిన్న పని. కరెంటు పోయినప్పుడే కదా మనకి కెమెరా కావాల్సింది.

గిరింపేట_అక్క · 2:26

తమ్ముడూ, నాది చిత్తూరు. గేటు కెమెరా గురించి వీళ్ళంతా బాగా చెప్పినారు. నేను హాల్లో కెమెరా గురించి అడుగుతా. అమ్మని అడిగినావా?

కోపం తెచ్చుకోబాక. మా అత్త చివరి మూడేండ్లు నా దగ్గరే ఉండింది. మా మరిది వేరే ఊర్నుంచి వచ్చి హాల్లో కెమెరా పెట్టి పోయినాడు, మంచికే పెట్టినాడు, ఆయన ప్రేమని నేను తప్పు పట్టను. కానీ ఆ తర్వాత మా అత్త మధ్యాహ్నం హాల్లో నడుం వాల్చడం మానేసింది. ఎండాకాలం, ఫ్యాను కింద చల్లగా ఉండే చోటు అదొక్కటే, అయినా లోపల ఉక్క రూములో పోయి పడుకునేది. ఎందుకు అంటే "వాడు చూస్తా ఉంటాడేమోనమ్మా, కొంగు జారినా తెలియదు నిద్రలో" అనేది. కొడుకు ముందు చెప్పుకోలేక నాకు చెప్పింది. అరవై ఏండ్లు ఏలుకున్న ఇంట్లో మనిషి ఒదిగి ఒదిగి తిరగాల్సి వచ్చింది. మీ అమ్మ ఒప్పుకుంటే పెట్టు. ఊరికే తలూపితే అది ఒప్పుకోవడం కాదు, కూర్చోబెట్టి ఫోన్లో ఏం కనిపిస్తుందో చూపించి అడుగు.

రుయా_ఎదురుసందు · 2:49

అక్కా మీ మాట గౌరవిస్తా, కానీ అందరి ఇంట్లో ఒకే పరిస్థితి ఉండదు. మా నాయనకి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది, పగలు చూసుకునేదానికి ఒకామె వస్తాది, నేనూ నా భార్యా ఇద్దరం ఉద్యోగాలకి పోవాల్సిందే. మంచం దగ్గర కెమెరా పెట్టినాం, నాయనే పెట్టమన్నాడు. ఒక మధ్యాహ్నం ఆయన మంచం దిగబోయి పడినాడు, ఆమె మిద్దె మీద బట్టలు ఆరేస్తా ఉంది, నేను ఆఫీసులో ఫోన్లో చూసి కెమెరా మైకులోనే గట్టిగా పిలిచినా, ఆమె పరిగెత్తుకోని వచ్చింది. ఆ కెమెరా లేకుంటే ఏమయ్యేదో తలచుకోలేను. ఆ పనామెకి కూడా మొదటి రోజే చెప్పినాం, ఇక్కడ కెమెరా ఉంది, మాట కూడా వినిపిస్తాది అని. చెప్పకుండా పెట్టింటే ఆమె మా ఇంట్లో నిలబడేది కాదు.

జీవకోన_మాస్టారు · 3:15

నేను డెబ్బై దాటినవాణ్ణి, ఒంటరిగా ఉంటాను. కెమెరా ఇవతల పక్కనుండి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను.

మా అబ్బాయి రెండేళ్ళ కిందట హాల్లో ఒకటి, వరండాలో ఒకటి పెట్టి వెళ్ళాడు. నాకు హాల్లో దాని వల్ల సిగ్గేమీ లేదు, మగవాణ్ణి, పంచె కట్టుకుని పేపరు చదువుకుంటాను. నాకు జరిగిన నష్టం వేరు. అంతకుముందు వాడు రోజూ రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసేవాడు. తిన్నావా, మాత్ర వేసుకున్నావా, మోకాలు ఎలా ఉంది అని పది నిమిషాలు మాట్లాడేవాడు. కెమెరా వచ్చాక అది రెండు రోజులకొకసారి అయింది, ఆ తర్వాత ఆదివారాలకి వచ్చింది. అడిగితే "చూస్తూనే ఉన్నా కదా నాన్నా, బాగానే తిరుగుతున్నావు" అన్నాడు. వాడు నన్ను చూస్తున్నాడు, నేను వాణ్ణి చూడటం లేదు కదా. వాడి గొంతు నాకు వినపడటం లేదు కదా. ఈ మాట వాడికి చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది. చెప్పాక అర్థం చేసుకున్నాడు, ఇప్పుడు మళ్ళీ ఎనిమిదికి చేస్తున్నాడు. హాల్లో కెమెరా తీయించేశాను, వరండాలోది ఉంచాను, చిరుత తిరుగుతోందని మాట వచ్చిన రోజుల్లో రాత్రి తలుపు తీసే ముందు దాన్నే చూసుకుంటాను.

కెమెరా పెట్టు నాయనా. ఫోన్ మానబాకు.

కొర్లగుంట_కుర్రోడు · సాయంత్రం 5:40

మాస్టారు సార్, మీ పోస్టు చదివి చాలాసేపు అట్లే కూర్చున్నా. అక్క చెప్పినట్టే అమ్మకి ఫోన్లో చూపించినా. హాలంతా కనిపిస్తా ఉంది, దేవుడి పటాల దగ్గర్నుంచి అమ్మ పడుకునే దివాన్ దాకా. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలా. తర్వాత "గేటు కాడ పెట్టురా, దొంగ వస్తే గేట్లోంచే కదా వచ్చేది, హాల్లోకి వచ్చేది నేను, పక్కింటామె, పాలామె" అనింది. అంతే. నేను బతిమాలలేదు.

రెండోదాన్ని ఇప్పుడు ఏం చేయాల? మా ఇంటికి పెరటి వైపు ఇంకో తలుపు ఉంది, వంటింటి అవతల చిన్న నడవ, అక్కడ ఎవరూ కూర్చోరు. బయట సజ్జ కింద పెట్టొచ్చా?

బిగించే_పనోడు · 5:55

బయట వద్దు, అది లోపల పెట్టే రకం, తేమకి ఆరు నెలలు కూడా నిలవదు. నడవ లోపలే, తలుపు ఎదురుగా, తలుపు తీసి వచ్చేవాడి ముఖం పడేట్టు పెట్టండి. తిరిగే కెమెరా కదా, తలుపు వైపు తిప్పి ఆ పొజిషన్ సేవ్ చేయండి, వంటింటి వైపు రాకుండా చూసుకోండి. చాలా యాప్‌లలో ప్రైవసీ మోడ్ అని ఉంటుంది, అది నొక్కితే రికార్డింగ్ ఆగిపోతుంది, కొన్నిట్లో లెన్సు కూడా లోపలికి తిరిగిపోతుంది. మీ అమ్మ ఫోన్లో కూడా యాప్ వేసి అది నొక్కడం నేర్పించి పోండి. ఆమె ఇల్లు, ఆమె చేతిలో ఉండాల.

రేణిగుంట_రౌటర్ · 6:20

బీరువా పక్కన, టీవీ స్టాండు కింద రౌటర్ అన్నారు కదా, అదే మీ సిగ్నల్‌ని మింగుతుంది. ఇనుము దాటి వైఫై పోదు. రౌటర్‌ని పైకి, వాకిలి వైపు గోడకి, ఐదారడుగుల ఎత్తుకి మార్చండి. ఫైబర్ వైరు సన్నగా పసుపో నలుపో ఉంటుంది, దాన్ని మడత పెట్టకండి, లోపల గాజు పోగు, మడిస్తే నెట్టే పోతుంది. వైరు చాలకపోతే ఆపరేటర్‌నే పిలవండి. తర్వాత ఫోన్లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేసుకోని కెమెరా పెట్టే చోట నిలబడి చూడండి, సిగ్నల్ అంకె సున్నాకి ఎంత దగ్గరుంటే అంత మంచిది, మైనస్ 65 లోపల ఉంటే భేష్, మైనస్ 75 దాటితే వానొచ్చినా గాలొచ్చినా తెగిపోతా ఉంటాది. అదే యాప్‌లో చుట్టుపక్కల ఇండ్ల వైఫైలు ఏ చానల్‌లో ఉండాయో కూడా కనిపిస్తాయి. 2.4లో 1, 6, 11 మూడే ఒకదానికొకటి అడ్డం రావు, వాటిలో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టించండి.

పెరటి వైపు సిగ్నల్ చాలకపోతే రిపీటర్ కొనబాకండి, అది అందుకోని మళ్ళీ అందించేసరికి స్పీడ్ సగానికి పడిపోతుంది. రౌటర్ నుంచి ల్యాన్ వైరు లాగి చివర ఇంకో చిన్న రౌటర్ పెట్టుకోండి, వంద మీటర్ల దాకా ఆ వైరుకి ఢోకా లేదు.

మెమరీ కార్డు లెక్క చెప్తా, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. కెమెరా సెకనుకి 1 మెగాబిట్ చొప్పున రికార్డు చేస్తే 24 గంటలకి 10.8 జీబీ. 64 జీబీ కార్డయితే ఐదున్నర రోజులు, 128 అయితే 11 రోజులు పైచిలుకు, తర్వాత పాతది చెరిపి దాని మీదే రాసుకుంటుంది. హెచ్.265 అనే పద్ధతి ఉంటే పెట్టండి, అదే నాణ్యతకి చోటు చాలా తక్కువ పడుతుంది. కార్డు మాత్రం ఫోన్లకి వాడే మామూలుది కాకుండా, ఆగకుండా రాసే పనికని చేసిన హై ఎండ్యూరెన్స్ రకం తీసుకోండి. మామూలు కార్డు సంవత్సరానికే పాడయిపోయి, కెమెరా మాత్రం బాగానే కనిపిస్తా ఉంటుంది, దొంగతనం జరిగిన రోజు తీసి చూస్తే రికార్డింగ్ ఉండదు. అది నేను కండ్లారా చూసినా, ఆ ఇంటామె ఏడుపు ఇంకా గుర్తుంది. నెలకొకసారి వెనక్కి పోయి నిన్నటి రికార్డింగ్ ఆడుతుందా లేదా చూసుకోండి.

కార్డులోకి రికార్డు అయ్యేదానికి నెట్ ఖర్చు కాదు. మీరు బెంగుళూర్లో కూర్చోని చూసేటప్పుడే అవుతుంది, గంటకి 450 ఎంబీ దాకా.

కొర్లగుంట_కుర్రోడు · 6:34

ఎవడన్నా హ్యాక్ చేసి చూస్తాడని అమ్మ భయపడతా ఉంది. టీవీలో చూసిందంట.

రేణిగుంట_రౌటర్ · 7:02

అమ్మ భయంలో అర్థం ఉంది. 2016లో మిరాయ్ అని ఒక వైరస్ వచ్చింది, అది చేసిందల్లా ఒకటే, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాలు, రౌటర్లలోకి దూరడం. అట్లా పట్టుకున్న పరికరాలతో ఆ అక్టోబర్‌లో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లని గంటల తరబడి పడగొట్టినారు. లోపలికి పోయే దారి పాస్‌వర్డే.

కాబట్టి యాప్ అకౌంట్‌కి వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి, రెండో అంచె ఓటీపీ ఆన్ చేయండి. రౌటర్ లాగిన్ మార్పించండి. చెల్లెలికో, చిన్నాయనకో చూపించాలంటే మీ పాస్‌వర్డ్ ఇవ్వబాకండి, యాప్‌లో షేర్ అని ఉంటుంది, అట్లా ఇస్తే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు. ఎవరన్నా పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నెట్ నుంచి నేరుగా కెమెరాకి దారి) చేసిస్తా అంటే వద్దనండి, ఇంటి తలుపు వీధిలోకి తెరిచి పెట్టినట్టే. యూపీఎన్‌పీ కూడా ఆపించండి, అది ఉంటే పరికరాలు వాటంతటవే ఆ దారి తెరుచుకుంటాయి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే కెమెరాలని దాంట్లో ఎక్కిస్తే ఇంకా మంచిది, కెమెరాలోకి ఎవడన్నా దూరినా మీ ఫోను, ల్యాప్‌టాప్ దాకా రాలేడు. ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అని వస్తే ఆలస్యం చేయకండి.

కొనేటప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోవాల. మన దేశంలో సీసీటీవీ కెమెరాలకి ఈ భద్రత పరీక్షలు కూడా 2025 ఏప్రిల్ 9 నుంచి తప్పనిసరి చేసినారు. పాత కెమెరా ఎవరి దగ్గరన్నా కొంటే వాళ్ళ యాప్ నుంచి తీసేయించి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి గానీ ఇంట్లోకి తేబాకండి.

పలమనేరు_అమ్మాయి · రాత్రి 8:11

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేను తిరుపతిలో చదువుకుంటా, ముగ్గురం కలిసి ఒక పోర్షన్ తీసుకున్నాం. ఓనర్ మెట్ల దగ్గర కెమెరా పెట్టినారు, అది సరిగ్గా మా తలుపు మీదికి ఉంటుంది, తలుపు తీస్తే మా రూము సగం కనిపిస్తుంది. మేం స్నానం చేసి వచ్చే టైములో కూడా తలుపు తీసేదానికి భయంగా ఉంది. అడిగితే ఖాళీ చేయమంటారేమో అని మాట్లాడలా. ఏం చేయాల?

చిత్తూరు_ప్లీడరు · 8:40

అమ్మా, భయపడకు. మెట్ల మీద కెమెరా పెట్టుకునే హక్కు ఆయనకుంది, నీ గదిలోకి చూసే హక్కు లేదు. ఆడవాళ్ళు ఏకాంతంగా ఉన్నప్పుడు చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, మొదటిసారే ఏడాది నుంచి మూడేళ్ళ శిక్ష. ఐటీ చట్టం 66ఈ కూడా ఉంది, అనుమతి లేకుండా ఒంటి భాగాల్ని చిత్రీకరిస్తే మూడేళ్ళ దాకా జైలు గానీ రెండు లక్షల దాకా జరిమానా గానీ రెండూ గానీ.

అయితే ముందు చట్టంతో మొదలుపెట్టకు. ముగ్గురూ కలిసి వెళ్ళండి, వీలైతే మీ అమ్మానాన్నల్లో ఒకరు వచ్చినప్పుడు వెళ్ళండి. ఆయన ఇంటి ఆడవాళ్ళు ఉన్నప్పుడు, ఆయన ఫోన్లోనే లైవ్ తెరిచి చూపించమని అడగండి. తలుపు తీసి ఉంటే లోపల ఏం కనిపిస్తోందో ఆయన కళ్ళతో ఆయన చూస్తే చాలాసార్లు అక్కడికక్కడే తిప్పేస్తారు. తిప్పడం కుదరకపోతే ప్రైవసీ మాస్క్ ఉంటుంది, మీ తలుపు ఉన్న భాగం నల్లగా మూసేస్తుంది. ఇవాళే తలుపుకి లోపల నుంచి మందంగా ఒక కర్టెన్ వేసుకోండి. ఒప్పుకోకపోతే స్టేషన్‌కి వెళ్ళండి, అత్యవసరమైతే 112. వీడియో ఎక్కడన్నా బయటపడిందని తెలిస్తే ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

కొర్లగుంట తమ్ముడికి కూడా ఒక మాట. మీ గేటు కెమెరాలో ఎదురింటి వాకిలి, పక్కింటి కిటికీ పడుతుంటే అక్కడ మాస్క్ పెట్టు, వాళ్ళకి చెప్పు కూడా. ఇంకోటి, రేపు ఏదన్నా జరిగితే ఆ రికార్డింగ్ వెంటనే వేరే చోటికి కాపీ చేసుకో, కార్డు దాన్ని చెరిపేసే లోపల. కత్తిరించి వాట్సాప్‌లో పంపింది కాదు, అసలు ఫైలు దాచు, కార్డు కూడా తీసి పెట్టు. కోర్టులో ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63 కింద ధ్రువపత్రం ఇవ్వాలి. కెమెరాలో తేదీ, టైము సరిగ్గా ఉందో లేదో ఈ రోజే చూసుకో. టైము జోన్ తప్పుగా ఉన్న రికార్డింగ్ పట్టుకుని నేను చాలా ఇబ్బంది పడ్డాను, దొంగతనం రాత్రి రెండుకి, వీడియోలో సాయంత్రం.

పలమనేరు_అమ్మాయి · 8:58

సార్ చాలా థాంక్స్. కర్టెన్ ఇప్పుడే దుప్పటితో కట్టినాం. బుధవారం మా నాయన వస్తాడు, అప్పుడు పోయి అడుగుతాం.

గిరింపేట_అక్క · 9:05

ఖాళీ చేయమంటే ఇక్కడ రాయి తల్లీ. తిరుపతిలో మా చెల్లెలుంది, రూము వెతకడానికి సాయం చేస్తాది.

ఎయిర్‌బైపాస్_అన్న · ఆదివారం ఉదయం 8:20

ఇంకో విషయం, అమ్మని మీ దగ్గరికి తీసకపోయి ఇల్లు తాళం వేసే రోజులుంటే, మన ఏపీ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఉంది, తాళం వేసిన ఇండ్ల మీద నిఘా. ఊరికి పోయే ముందు చెప్పి పెట్టుకుంటే వాళ్ళే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, లోపల కదలిక ఉంటే స్టేషన్‌కి తెలుస్తుంది, డబ్బులు తీసుకోరు. మీ స్టేషన్‌లో అడిగితే చెప్తారు.

కొర్లగుంట_కుర్రోడు · ఆదివారం సాయంత్రం 6:45

అందరికీ ఒకేసారి రాస్తా ఉండా, బస్సుకి ఇంకా టైముంది.

రౌటర్ వాకిలి గోడకి ఎక్కింది, గేటు దగ్గర మైనస్ 58 చూపిస్తా ఉంది. ఎలక్ట్రీషియన్ పొద్దున వచ్చి సజ్జ కింద ప్లగ్గు పెట్టి, ఇన్వర్టర్ లైనుకి కలిపినాడు, మెయిన్ ఆపి చూసినాం, రౌటరూ కెమెరాలూ ఆగలా. పైపు వేసినాం, వంపు ఇచ్చినాం. రాత్రి చేత్తో పట్టుకోని చూడబట్టి బతికిపోయినాం, నేననుకున్న చోట పెట్టింటే స్తంభం మీద వెలుతురు కొట్టి గేటే కనపడేది కాదు. 9 అడుగుల ఎత్తులో బిగించినాం. ఎదురింటి వాళ్ళ వాకిలి కొంచెం పడతా ఉంటే మాస్క్ పెట్టి, ఎదురింటి పెద్దమ్మకి ఫోన్లో చూపించి వచ్చినా. ఆమె "మా గేటు కూడా కనపడనీ నాయనా, మాకు మాత్రం దొంగల భయం లేదా" అనింది. అందుకని గేటు వరకు మాస్క్ తీసి, వాళ్ళ తలుపూ కిటికీ మాత్రం మూసినా. టైము ఒకటి తప్పుగా ఉండింది, ఐదున్నర గంటలు వెనక. ప్లీడరు గారు చెప్పకుంటే చూసేవాణ్ణి కాదు.

నడవ కెమెరాని అమ్మ ఇప్పటికే రెండుసార్లు ఆపి, ఆన్ చేసి చూసుకుంది. నేర్చుకునింది.

అలర్టులు మాత్రం చంపేస్తా ఉండాయి, తులసి కోట ఆకు కదిలినా, వీధిలో ఆవు పోయినా ఫోన్ మోగుతుంది.

బిగించే_పనోడు · 7:10

మనిషి వస్తేనే మోగేట్టు హ్యూమన్ డిటెక్షన్ పెట్టండి, జోన్ గేటు లోపలి భాగం వరకే గీయండి, సెన్సిటివిటీ తగ్గించండి. నెలకొకసారి లెన్సు మెత్తటి గుడ్డతో తుడవమని అమ్మకి చెప్పండి, రాత్రి ఆ వెలుతురుకి పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, దారం ఊగినా అలర్టే. తెల్లారుజామున పాలు, పేపరు వచ్చే టైములో అలర్టులు వద్దనుకుంటే షెడ్యూల్ పెట్టుకోవచ్చు, ఐదు నుంచి ఏడు వరకు ఆపేయండి.

కొర్లగుంట_కుర్రోడు · సోమవారం ఉదయం 6:05

బెంగుళూరు చేరినా. హ్యూమన్ డిటెక్షన్ పెట్టినాక రాత్రంతా ఒక్కసారి కూడా మోగలా. 5:38కి మోగింది. బస్సులో ఉలిక్కిపడి తెరిచి చూస్తే అమ్మ, గేటు ముందర కసువు చిమ్మి నీళ్ళు చల్లుతా ఉంది. ముగ్గు పెట్టి లేచేటప్పుడు మోకాలు పట్టుకోని ఒక్క నిమిషం నిలబడింది, ఆ మోకాలి నొప్పి సంగతి నాకు ఇన్నాళ్ళూ చెప్పలా. దిగంగానే ఫోన్ చేసినా, చాలాసేపు మాట్లాడినా. ఈ వారం డాక్టర్ దగ్గరికి తీసకపోను చిన్నాయనకి చెప్పినా.

అన్నా, ఐదు నుంచి ఏడు వరకు అలర్టు ఆపమన్నారు కదా, అదొక్కటి ఉంచుకుంటా.

జీవకోన_మాస్టారు · 6:30

ఉంచుకో నాయనా. రాత్రి ఎనిమిదిది కూడా.